ఎనిమిదింట అయిదు వంతుల వేటకుక్క

మా పురపాలక సంఘం వారికి ఆ ఏడు చైత్రమాసంలో భూతదయ కలిగింది. అంతకు ముందటి సంవత్సరం వారికి మొక్కలు నాటడం, ఆ ముందటి సంవత్సరం చేతులు కడుక్కోవడం కలిగి, యథాకాలంలో ఉపశమించాయి. నిరాశ్రయ శునకాన్ని దత్తత తీసుకొన్న ప్రతి గృహస్థుకూ పురమందిరంలో శాలువా కప్పుతామని మైకు కట్టిన ఆటో ఒకటి వీధివీధినా తిరిగి చాటింది.

నేను ముప్ఫయి ఆరేళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. పొద్దుట సంధ్యావందనం, సాయంకాలం పురాణ పారాయణం తప్ప వేరే వ్యాపకం లేదు. మా ఇంట మడి ఉన్నది కనుక కుక్కకు చోటు లేదు. ఈ విషయం మా ఆవిడ భ్రమరాంబకు స్పష్టంగా చెప్పాను.

"మడి మీకు గదండీ, వసారాకు కాదుగా," అన్నది ఆమె.

ఈ వాదానికి శాస్త్రంలో సమాధానం వెతుకుతూ ఉండగానే కుక్క వచ్చి వసారాలో పడుకొన్నది. గోధుమరంగు ఒళ్ళు, నున్నని పొట్టి వెంట్రుకలు, సన్నని నడుము, పొడుగాటి కాళ్ళు. ఎప్పుడూ ఏదో కఠినమైన శ్లోకానికి అన్వయం ఆలోచిస్తున్నట్టు నుదుట మూడు ముడతలు. "జోనంగి కలిసిందండి. కొల్లేటి వైపు వేటకుక్క," అని చెప్పి, దాన్ని తెచ్చిన సంరక్షణశాల మనిషి మరి వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

అది మొరగదు. మెడ పైకెత్తి గొంతులో ఏవో దీర్ఘాలూ హ్రస్వాలూ కలిపి కూస్తుంది. చెవి ఒగ్గి గణాలు కట్టి చూశాను. మత్తకోకిల నడకకు చాలా దగ్గరగా ఉన్నది, యతి మాత్రం కుదరదు. ఆ పేరే పెట్టాను. భ్రమరాంబ సగం తుంచి కోకిల అని పిలిచింది.

కోకిలకు మూడు అలవాట్లుండేవి. మొదటిది, పారిజాతం మొదట్లో చతురస్రంగా గుంట తవ్వి, అందులో ముడుచుకు పడుకొనేది. దాని కొలతలు ఇంచుమించు హోమకుండానికి సరిపోయాయి. రెండవది, ప్రతి ఉదయం వెనక ప్రహరీ మీద ముంగాళ్ళు ఆనించి, కాలువగట్టు వైపు రెప్ప వేయకుండా చూసేది. దాన్ని ధ్యానమని గ్రహించాను. మూడవది మరింత విశేషం. సాయంకాలం నేను నడవలో గ్రంథం విప్పేవేళకు భ్రమరాంబ వంటింట్లో ఉండేది. కోకిల ఆమె వెనక చేరి, మడమలకు ముట్టె ఆనించి నెట్టుకుంటూ నడవలోకి తెచ్చేది. ఆ తరువాత మా ఇద్దరి చుట్టూ మూడు నాలుగుసార్లు తిరిగి, అప్పుడు పడుకొనేది.

"ప్రదక్షిణం చేస్తోంది. పూర్వజన్మ సంస్కారం," అన్నాను.

"ప్రదక్షిణమైతే కాలి మడమ మునిపళ్ళతో నొక్కడమెందుకండీ?" అన్నది భ్రమరాంబ.

భక్తిలో తీవ్రత అని సమాధానం చెప్పాను. ఆమె నవ్వింది. ఏమాట కామాట, మా ఇంట ఇద్దరం ఒక్కచోట కూర్చుని మాట్లాడుకోవడం ఎన్నాళ్ళుగానో లేదు. ఆమెకు వంటిల్లు, నాకు నడవ, భోజనానికి పిలుపు. కోకిల వచ్చాక పురాణం వినేవారు ఒకరు కాక ఇద్దరైనారు. వారిలో ఒకరు మధ్య మధ్య ప్రశ్నలు కూడా వేసేవారు.

శాలువా కప్పిన నాలుగు నెలలకు పురపాలక సంఘం వారు "దత్తత శునకముల జాతి స్వభావ పరిరక్షణ నియమావళి" ప్రకటించారు. కుక్కను ఇంట పెట్టుకొంటే చాలదు, దాని పుట్టుస్వభావాన్ని ఇసుమంతయు భంగపరచకుండా పోషించాలి అని దాని సారాంశం. ఇది చాలా మంచి మాట. అందుకే కాబోలు, దాన్ని అమలుచేసే పనికి ఒక విభాగమే పుట్టింది.

ఆ విభాగపు అధికారి పరంజ్యోతిగారు ఒక ఉదయం మా ఇంటికి వచ్చారు. కుర్చీ చూపించాను. ఆయన కుక్కను చూసి నిలబడే ఉన్నారు.

"సదరు శునకమునందు నిక్షిప్తమై యున్న స్వభావ నిష్పత్తులను నిర్ధారించుటకై వచ్చియున్నామండి," అన్నారు. దూదితో దాని నోటి తడి తుడిచి సీసాలో పెట్టుకొని వెళ్ళారు. పక్షం తిరిగేసరికి ఫలితం వచ్చింది. కోకిల ఎనిమిదింట అయిదు వంతులు వేటకుక్క, మూడు వంతులు వీధికుక్క.

"కావున దినమునందలి ఇరవైనాలుగు గంటలలో, ఎనిమిదింట అయిదు వంతులు, అనగా పదిహేను గంటలు సదరు శునకమునకు వేట అవకాశము కల్పించవలసియున్నది," అన్నారు పరంజ్యోతిగారు.

"మరి తక్కిన తొమ్మిది గంటలు?"

"వీధి అంశము మా పరిధిలోనికి రాదండి. అది సాంబమూర్తిగారి పరిధి."

సాంబమూర్తిగారు వీధి విభాగాధికారి. ఆయన గదిలో బల్ల మీద బంట్రోతును పిలిచే గంటలు మూడు, ఒక గాజు పేపరువెయిటూ ఉన్నాయి, ఫైలు లేదు. "వీధి అంశమును పట్టినచోటనే విడువవలెనని మా విభాగపు స్థాయీ ఉత్తరువు. సదరు శునకము చేపల మార్కెట్టు ఎదుట పట్టుబడినది. కనుక తొమ్మిది గంటలు అచట ఉండవలెను. దత్తతదారు వెంట నుండవలెను," అన్నారు.

నేను వేళ్ళు మడిచి లెక్క చూశాను. "పదిహేనూ తొమ్మిదీ ఇరవైనాలుగండి. ఇక అది ఇంట్లో ఉండేదెప్పుడు?"

సాంబమూర్తిగారు నియమావళి మొదటి నుంచి చివరి దాకా తిరగేశారు. చివరకు కళ్ళజోడు తీసి, "ఇందులో ఇల్లు అన్న మాట లేదండి," అన్నారు.

ధర్మబద్ధంగా జీవించాలనుకొనేవాడు ప్రభుత్వ శాసనాన్ని కూడా పాటించాలి. మరునాటి నుంచి పొద్దుటి అనుష్ఠానం ముగించుకొని, గొడుగూ కుక్కా పట్టుకొని చేపల మార్కెట్టుకు ప్రయాణమైనాను. కూర్చునేందుకు చెక్క పీట, పారాయణ గ్రంథం, మంచినీళ్ళ చెంబు వెంట తీసుకువెళ్ళాను. అక్కడి జనం నన్ను చాలా ఆదరించారు. నాలుగో రోజున సూరమ్మ అనే చేపలావిడ గంప ముందుకు జరిపి, "ఏటి పంతులుగారండీ, దినామూ వచ్చి అన్నీ ఎగాదిగా చూత్తారు, ఒక్కటీ కొనరు! ఏది నచ్చలేదో సెప్పండి, రేపు అదే తెత్తాను," అన్నది.

నేను నియమావళి వివరించాను. ఆమె సాంతం విని, "అయితే మీ ఆవిడగారు మీకేటి పెడతన్నారు, ఈ ఎండలో?" అని మాత్రం అడిగింది. అధికారులెవరూ అడగని ప్రశ్న అది.

భ్రమరాంబ ఆ రోజుల్లో నన్ను స్నానానికి రెండు బిందెలు ఎక్కువ పోసుకోమనేది.

వీధి వంతు ఇలా నెరవేరుతూండగా వేట వంతుకు చిక్కు వచ్చింది. వేట చేయించాలని నియమావళి, ప్రాణిని వేటాడితే నేరమని చట్టం. ఈ రెంటికీ పరంజ్యోతిగారు సమన్వయం సాధించారు. "అధీకృత వేట జంతువు"ను పురపాలక సంఘమే సరఫరా చేస్తుందన్నారు. గడ్డి కూరిన కుందేలు. దానికి చెవులు ఎంత పొడుగుండాలన్న విషయమై ఫైలు ఆరోగ్య విభాగానికీ ఉద్యాన విభాగానికీ ఏడుసార్లు తిరిగింది. ఆరోగ్యాధికారి జానెడు చాలునన్నారు. ఉద్యానాధికారి జానెడు చెవులైతే పచ్చికలో కనబడవని అభ్యంతరం రాశారు. కుట్టి తెచ్చాక కుందేలు పరుగెత్తదని తెలిసింది. పరుగెత్తని జంతువు వేట జంతువు అనిపించుకోదని న్యాయ సలహా వచ్చింది.

అప్పుడు కార్యాలయ గుమాస్తా మార్కండేయులుగారిని తాత్కాలిక కుందేలుగా నియమించారు. ఆయన ఉద్యోగ విరమణకు రెండు నెలలున్నది. అట్ట చెవులు రెండు తలకు కట్టుకొని క్రీడామైదానంలో నిలబడి, "శాస్త్రిగారూ, నేను మీ దగ్గర పదో తరగతి చదివానండి. కాస్త చూసి వదలండి," అన్నారు.

"నీకు చంపకమాల గణాలు ఎన్నడూ సరిగా రాలేదు. పరుగైనా సరిగా తియ్యి," అన్నాను. ఆయన నవ్వడానికి ప్రయత్నించారు.

స్వభావ పరీక్ష మొదలైంది. పరంజ్యోతిగారు చేతిలో గడియారంతో నిలబడ్డారు. తక్కిన సిబ్బంది పదిమంది ఒక పక్కన చేరారు. ఈల వినబడగానే మార్కండేయులుగారు ఈశాన్యానికి పరుగెత్తారు. కోకిల నుదుటి ముడతలు మరికొంచెం దగ్గరయ్యాయి. లేచింది. ఆయన వెంటపడలేదు. పెద్ద అర్ధచంద్రాకారంగా తిరిగి, ఆయనకు ముందుగా వెళ్ళి ఎదురు నిలిచింది. ఆయన ఆగ్నేయానికి తిరిగారు. అక్కడా అదే ఉన్నది. చివరికి మడమలకు ముట్టె ఆనించి, ఆయనను నెమ్మదిగా నడిపించుకొని తెచ్చి సిబ్బంది మధ్యలో నిలబెట్టి, గుంపు చుట్టూ మూడుసార్లు తిరిగి కూర్చున్నది.

"చూశారా, ప్రదక్షిణం!" అన్నాను గర్వంగా.

పరంజ్యోతిగారు నివేదిక రాసుకొన్నారు. "సదరు శునకము విధినిర్వహణలో నున్న కుందేలును అడ్డగించి, పరుగు మాన్పించి, కార్యాలయ సిబ్బందితో కలిపివేసినది. వేట స్వభావము దత్తతదారుని పురాణ పారాయణము వలన అణచబడినట్లు విశ్వసించుటకు కారణములు కలవు."

మూడవ నాడు తాఖీదు వచ్చింది. దత్తత రద్దు. రాబోయే గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు కుక్కను కార్యాలయంలో అప్పగించాలి. పొరుగు జిల్లాలోని స్వభావ పునరుద్ధరణ కేంద్రానికి బండి మీద పంపుతారు. ఎంతకాలమో రాయలేదు. రద్దును ఆపాలంటే నిరభ్యంతర పత్రం మీద నలుగురు అధికారులు, అనగా స్వభావ, వీధి, ఆరోగ్య, ఉద్యాన విభాగాలవారు, ఏకకాలమున ఏకస్థలమున ఒకరి సమక్షమున ఒకరు సంతకం చేయాలి.

నేను నాలుగు రోజులు తిరిగాను. పరంజ్యోతిగారు ఉన్నప్పుడు సాంబమూర్తిగారు పర్యటనలో ఉండేవారు. సాంబమూర్తిగారు వచ్చేసరికి ఆరోగ్యాధికారి కాఫీకి వెళ్ళేవారు. ఉద్యానాధికారి కుర్చీ వెనక తువాలు మాత్రం స్థిరంగా ఉండేది. మా గుడి వైపు వీధివాళ్ళ మంచినీటి కుళాయి కాగితం కూడా ఇవే నాలుగు సంతకాల కోసం ఆరేళ్ళుగా ఉన్నదని మార్కండేయులుగారు చెప్పారు. "వీళ్ళు నలుగురూ ఒక్క గదిలో ఉండగా నా సర్వీసులో చూళ్ళేదండి. గ్రూపు ఫోటో కూడా విడివిడిగానే తీయించుకున్నారు," అన్నారు.

బుధవారం ఉదయం భ్రమరాంబ పెరుగన్నం కలిపి కోకిల ముందు పెట్టింది. నేను లోపల ఉన్నానని అది తినకుండా గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. నేను బయటకు వచ్చి కూర్చున్నాక తిన్నది.

"రేపటి నుంచి మళ్ళీ మీరు నడవలోనూ నేను వంటింట్లోనూ," అన్నది భ్రమరాంబ గిన్నె తీస్తూ. నేను కండువా తీసుకొని పెరటి తలుపు తెరిచాను. ఆ రోజు చేపల మార్కెట్టుకు వెళ్ళలేదు. కోకిల లాగినవైపు నడిచాను. అది తిన్నగా కాలువగట్టుకు లాక్కువెళ్ళింది.

గట్టు మీద పోలయ్య బాతులు మేపుతున్నాడు. అతడు రోజూ ఉదయం అదే దారిన రెండు వందల బాతులను తోలుకొని వెళ్ళే మనిషి. మా ప్రహరీకి అవతల నడిచే మనిషే అయినా ఏనాడూ పలకరించుకోలేదు. మేము చేరేసరికి నాలుగు బాతులు గుంపు విడిచి అవతలి చేలోకి పోతున్నాయి. కోకిల గొలుసు విదిలించుకొని పరుగెత్తింది. వేట స్వభావం ఇప్పుడే, ఇక్కడే బయటపడుతుందనుకొన్నాను.

అది అర్ధచంద్రాకారంగా తిరిగి, బాతులకు ఎదురు నిలిచి, నాలుగింటినీ ఒక్క ఈక రాలకుండా గుంపులో కలిపి, రెండు వందల ముక్కుల చుట్టూ మూడుసార్లు తిరిగి కూర్చున్నది.

పోలయ్య తలపాగా సర్దుకొన్నాడు. "ఆయ్, మాంచి కుక్కండి శాస్తుర్లుగారండీ. గోడమీంచి దినామూ సూత్తంటది. తోలడాన్కి ఒదులుతారేమో అనుకునేవోణ్ణి."

"ఇది వేటకుక్క కాదా?"

"వేటకీ పనికొత్తదండి, తోలడాన్కీ పనికొత్తదండి. మా తాత కాడుండే జోనంగి ఇలాగే ఉండేది. అయితే దీనికి తోలుడే ఎక్కువండి. సెదిరిపోయినోళ్ళని ఒక్కసోటికి సేర్సేదాకా దాని మనసు మనసులో ఉండదు. సేరినాక సుట్టూ తిరిగి సూసుకుంటది, అందరూ ఉన్నారా లేదా అని. అప్పుడు గుంత తవ్వుకుని పడుకుంటది. అంతేనండి దానికి కావాల్సింది."

నేను కాలువగట్టు మీద కూర్చున్నాను. ఇన్ని నెలలుగా వచ్చినవారికల్లా ఆ ప్రదక్షిణం గురించి ఉపన్యసించాను. ఒక వ్యాసం కూడా సగం రాశాను. అది నా చుట్టూ తిరిగింది నా పారాయణ మహిమ చేత కాదు. నడవలో ఒక బాతూ వంటింట్లో ఒక బాతూ ఉన్నాయని.

"పోలయ్యా, నువ్వు దాన్ని ఏమని పురమాయిస్తావు?" అని అడిగాను.

"ఏముందండీ, తోల్కురా అంటే సాలు."

గురువారం పదకొండున్నరకు కోకిలను తీసుకొని పురపాలక కార్యాలయానికి వెళ్ళాను. భ్రమరాంబ వెంట వచ్చింది. పోలయ్య కూడా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆవరణలో బండి సిద్ధంగా ఉన్నది. నిరభ్యంతర పత్రం, కలం, సిరాముద్ర దిండు మార్కండేయులుగారి చేతిలో ఉన్నాయి.

"నలుగురూ ఇవాళ వచ్చారండి. కానీ మిమ్మల్ని చూసి నాలుగు గుమ్మాల్లోంచి వెళ్ళిపోతున్నారు," అన్నారాయన.

నిజమే. తూర్పు గుమ్మంలోంచి పరంజ్యోతిగారు సంచితోనూ, పడమటి గుమ్మంలోంచి సాంబమూర్తిగారు గొడుగుతోనూ దిగుతున్నారు. ఆరోగ్యాధికారి మోటారుసైకిలు వైపు నడుస్తున్నారు. ఉద్యానాధికారి పూలకుండీల వెనక వంగి, మొక్కలను పరిశీలిస్తున్నట్టుగా గేటు దిశకు కదులుతున్నారు.

ముప్ఫయి ఆరేళ్ళు శబ్దశుద్ధి బోధించిన నోటితో నేను ఆవరణ మారుమోగేట్టు అరిచాను. "తోల్కురావే కోకిలా!"

గొలుసు వదిలాను. కోకిల మెడ పైకెత్తి ఒక దీర్ఘం తీసి బయలుదేరింది.

మొదట ఉద్యానాధికారి దొరికారు. కుండీల వెనక నుంచి వంగిన భంగిమలోనే నడిపించుకొచ్చింది. ఆరోగ్యాధికారి మోటారుసైకిలు స్టార్టు చేయబోయి, మడమకు తడి ముట్టె తగలగానే దిగి నడక మొదలుపెట్టారు. సాంబమూర్తిగారు గొడుగు విప్పి అడ్డం పెట్టి, "ఇది కార్యాలయ ఆవరణ, వీధి కాదు! ఇచట దాని వీధి అంశము పనిచేయరాదు!" అన్నారు. గొడుగు కిందుగా అది అటు వైపుకు వచ్చి ఆయనను తిప్పింది. పరంజ్యోతిగారు మాత్రం గంభీరంగా నిలబడి నియమావళి తెరిచి, "దీని ప్రవర్తన ఏ నిబంధన కిందకు..." అని వెతుకుతూ వెనక్కి నడిచి, తెలియకుండానే తక్కిన ముగ్గురిలో కలిసిపోయారు.

సైకిళ్ళ షెడ్డు మూలలో నలుగురూ భుజాలు తగిలేట్టు నిలబడ్డారు. కోకిల చుట్టూ ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు తిరిగి ఎదుట కూర్చున్నది. ఎవరైనా పాదం కదిపితే నుదుటి ముడతలు దగ్గరయ్యేవి.

"మీరు సాంబమూర్తిగారు కదూ? చాలా రోజులైంది," అన్నారు ఆరోగ్యాధికారి.

"శాస్త్రిగారూ, దీన్ని పిలవండి," అన్నారు పరంజ్యోతిగారు.

"ఏకకాలమున, ఏకస్థలమున, ఒకరి సమక్షమున ఒకరు. తమరి నిబంధనే నెరవేరినది," అన్నాను. మార్కండేయులుగారు పత్రం ముందుకు చాపారు. నాలుగు సంతకాలు పడ్డాయి. చివరి ముద్ర వేసి, పన్నెండుకు ఇంకా అయిదు నిమిషాలున్నదని ఆయన పైకి ప్రకటించారు.

నేను కోకిలను పిలవబోయాను. మార్కండేయులుగారు నా చెయ్యి పట్టుకొన్నారు. "మాస్టారూ, ఒక్క నిమిషం," అని లోపలికి పరుగెత్తారు. కుందేలుగా ఉన్నప్పుడు ఆయనలో ఆ వేగం చూడలేదు. కుళాయి కాగితం తెచ్చారు. దాని వెనక వీధి దీపాలవి, దాని వెనక పింఛనులవి. ఈ వార్త ఎలా పాకిందో గాని గేటు దగ్గర జనం చేరారు. చేపల సూరమ్మ మార్కెట్టు కప్పు కోసం పెట్టుకొన్న అర్జీ నడుముకు దోపుకొని ఉరికి వచ్చి, "కాసేపు ఒదలమాకండి పంతులుగారూ, మీకు దణ్ణవెడతాను!" అన్నది. మధ్యాహ్నం రెండింటికి గాని అధికారులకు విరామం దొరకలేదు. పోలయ్య వారికి మజ్జిగ తెప్పించాడు.

వారం తిరగకుండా పురపాలక సంఘం వారు మరొక తీర్మానం చేశారు. సదరు శునకమును సిబ్బంది సమీకరణార్థము వారమునకు మూడు దినములు కార్యాలయమునకు అప్పగించవలెనని కోరుతూ నాకు ఉత్తరం వచ్చింది. క్రింద నాలుగు సంతకాలు లేవు, ఒక్కటే ఉన్నది. తక్కినవారు పర్యటనలో ఉన్నారట.

వారి భాషలోనే బదులు రాశాను. "సదరు శునకము ఎనిమిదింట ఎనిమిది వంతులు తోలుకుక్క అని క్షేత్రస్థాయి పరిశీలనలో నిర్ధారణ అయినది. చెదిరిన తన వారిని ఒక్కచోట చేర్చుట దాని జాతి స్వభావము. మా ఇంట అట్టివారు ఇద్దరు కలరు. కావున తమ నియమావళి ననుసరించియే అది దినమునకు ఇరవైనాలుగు గంటలు ఇంటియందే ఉండవలసియున్నది. పొద్దుట ఒక గంట బాతులకు మినహాయింపు."

ఈ మధ్య కొన్ని మార్పులు జరిగాయి. పొద్దుట పోలయ్య ప్రహరీ అవతల నిలబడి పిలిస్తే కోకిల బాతులను చూసి వస్తుంది. ప్రదక్షిణం గురించిన నా వ్యాసం అటక మీద ఉన్నది. పారిజాతం మొదట్లో హోమకుండం మాత్రం అలాగే ఉంది, కొంచెం పెద్దదైంది.

నిన్న సాయంకాలం కోకిల లేచే లోపలే భ్రమరాంబ కూరల కత్తిపీటతో సహా నడవలోకి వచ్చి కూర్చున్నది. "చదవండి, నిన్న ఎక్కడ ఆపారో అక్కడి నుంచి," అన్నది. తనకు పని లేకుండా పోయిందే అన్నట్టు కోకిల గుమ్మంలో ఒక్కక్షణం నిలబడి చూసింది. అయినా వచ్చి మా చుట్టూ ఒకసారి తిరిగింది, ఇద్దరమూ ఉన్నామని చూసుకొన్నది, తన గుంటలోకి వెళ్ళి ముడుచుకు పడుకొన్నది.